దేవుడు లేని పూట

ఆ శుక్రవారం తెల్లవారేసరికి మబ్బు కొండ దిగి వచ్చి పొలాల మీద పడుకుని ఉంది. వానా కాదు, మంచూ కాదు. తడిసిన ఊలులా ఊరి మీద బరువుగా కూర్చుంది. తూర్పున మంచుకొండ ఎటుందో కూడా తెలియలేదు. వెలుగు వచ్చిందే గానీ పొద్దు కనబడలేదు. ఆ కొండ ఊరు యానాపంపాలో ముసలివాళ్లు గుమ్మాల్లో నిలబడి చూసి తలలూపారు. పవిత్ర శుక్రవారం నాడు ఆకాశం అట్లాగే ఉండాలి. ఎండ కాసిందంటేనే భయం.

మెల్చోర్ తెల్ల అంగీ తొడుక్కుని, తలకు తెల్లగుడ్డ చుట్టుకుని గుడికి పోయాడు. ప్రభువును శిలువ మీది నుంచి దించే నలుగురిలో అతనొకడు. తండ్రి చేసిన పని అది. తండ్రికి మోకాళ్లు పోయాక ఇతనికి వచ్చింది. ఊళ్లో ఫాదర్ ఉండడు. కింద లోయలో ఉన్న పెద్ద ఊరి నుంచి ఎప్పుడో పండగకో పబ్బానికో వస్తాడు. పవిత్ర వారంలో ఆయనకు పెద్ద ఊళ్లతోనే సరిపోతుంది. అందుకని యానాపంపాలో ప్రభువును శిలువ వేసుకోవడం, దించుకోవడం, లేపుకోవడం అన్నీ ఊరివాళ్లే చేసుకుంటారు.

నిచ్చెన ఎక్కి మేకులు ఊడదీసేది మెల్చోరే. ప్రభువు కొయ్యతో చేసినవాడు. ఎప్పటివాడో, భుజాల దగ్గర తోలు కీళ్లు పెట్టి చేశారు. మేకు ఊడగానే చెయ్యి మెల్లగా వంగి వచ్చి మెల్చోర్ భుజం మీద వాలింది. ఏటా అంతే. ఏటా అతనికి ఒళ్లు జలదరిస్తుంది. చచ్చిన మనిషి చెయ్యి ఎంత బరువుంటుందో అంతే బరువు. కింద ఆడవాళ్లు తమ తండ్రే పోయినట్టు ఏడుస్తున్నారు. దించాక దూదితో గాయాలు తుడిచారు. ఆ దూది తలా కాస్త పంచడం ఆచారం. జ్వరం వచ్చిన పిల్లలకు, నొప్పులున్న ముసలివాళ్లకు అదే మందు.

"నాకు కొంచెం ఎక్కువ పెట్టు కొంపాద్రే. రెండు మోకాళ్లున్నాయి నాకు," అంది అసుంత చెయ్యి చాపి.

అసుంత అరవై దాటిన మనిషి. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. మెల్చోర్ కూతురికి జ్ఞానస్నానం ఇచ్చిన నాడు బిడ్డను చేతుల్లో పట్టుకున్న జ్ఞానతల్లి ఆమె. ఆనాటి నుంచి ఆమె అతనికి కొమాద్రే, అతను ఆమెకు కొంపాద్రే. ఆ వరస తోడబుట్టిన వరస కన్నా గట్టిది. కొమాద్రేకు ద్రోహం చేసినవాడి ఆత్మ చచ్చాక మంచుకొండ ఎక్కుతూ జారుతూ, మళ్లీ మొదటి నుంచి ఎక్కుతూ ఉంటుందని ఆ చుట్టుపక్కల ఎవరినడిగినా చెబుతారు.

మెల్చోర్ ఆమెకు రెండు పిడికిళ్ల దూది ఇచ్చాడు. తర్వాత ప్రభువును తెల్ల దుప్పట్లో చుట్టి అద్దాల పెట్టెలో పడుకోబెట్టారు. మూత వేసింది అతనే.

గుడి బయట మగవాళ్లు పొగచుట్టలు వెలిగించుకున్నారు. అసుంత మరిది తొరీబియో అందరికీ వినబడేట్టు అన్నాడు. "ఇంకేముంది, పెద్దాయన పోయాడు. రేపు ఆయన లేచాడని గ్లోరియా గంట కొట్టేదాకా మనల్ని చూసేవాడు లేడు. కోళ్లను లోపల పెట్టుకోండయ్యా."

"నీ కోడి ముసలిది, దాన్నెవడు పట్టుకుపోతాడు?" అన్నారెవరో.

"పోయిన ఏడు నా గుమ్మడికాయ ఎత్తుకుపోయినవాడికి ఏం గతి పట్టింది? కడుపునొప్పి," అన్నాడు తొరీబియో.

నవ్వుకున్నారు. శుక్రవారం మధ్యాహ్నం నుంచి శనివారం గంట దాకా ఆ ఊళ్లో దేవుడు ఉండడు. పెట్టెలో ఉంటాడు, కళ్లు మూసుకుని. ఆ పూట చేసింది ఆయన లెక్కలో పడదు. ఎవరో ఒకరి పెరట్లో కోడి మాయమవుతుంది, ఎవరి ముంతో గోడ దూకుతుంది. పండగ అయ్యాక కోడి పోగొట్టుకున్నవాడు ఎదురొచ్చి, "నా కోడి రుచిగా ఉందా?" అంటాడు. తిన్నవాడు నవ్వుతాడు. అక్కడితో సరి. కోడి దాకా, గుమ్మడికాయ దాకా. గొర్రెల జోలికి ఎవరూ పోరు.

మెల్చోర్‌కు ఆ ఏడు గొర్రెలు లేవు. వానాకాలంలో కాలేయం కుళ్లే జబ్బు వచ్చి మంద మొత్తం పోయింది. ఆదివారం నాడు కూతురి అత్తమామలు మొదటిసారి ఇంటికి వస్తున్నారు. వాళ్లు లోయలో మొక్కజొన్న భూములున్నవాళ్లు. వాళ్ల ముందు ఉడకేసిన దుంపలు, ఉప్పు చారు పెట్టడం తలుచుకుంటే అతనికి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

సాయంత్రం మబ్బు ఇంకా కిందికి దిగింది. అసుంత మంద కొండ దిగి వస్తోంది. మనిషి కనబడడం లేదు, గంటలు వినబడుతున్నాయి. మెల్చోర్ రాతిగోడ పక్కన నిలబడ్డాడు. నిలబడాలని వచ్చాడా, ఊరికే వచ్చాడా అంటే అతనే చెప్పలేడు. గొర్రెలు ఒక్కొక్కటే ఆవిరి కక్కుకుంటూ అతన్ని దాటిపోయాయి. చివరన ఒక పిల్ల, వెనకబడి, చెవికి ఎర్ర ఊలు పోగుతో. కింది పొలం నుంచి అసుంత గొంతు. ముందెక్కడో ఉంది. మెల్చోర్ వంగి పిల్లను ఎత్తి భుజాల మీది పోంచో దుప్పటి కింద పెట్టుకున్నాడు. అది అరవలేదు. వెచ్చగా ఉందనుకుందో ఏమో.

అప్పుడు కుక్క వచ్చింది. తిగ్రే దాని పేరు. చారలు చారలుగా ఉండేది, ఒక చెవి నక్కతో పోట్లాటలో పోయింది. మొరగలేదు. తెలిసిన మనిషే కదా. అతని చెయ్యి వాసన చూసింది, పోంచో వాసన చూసింది. తోక ఊపింది. అతను నడుస్తుంటే గోడ మలుపు దాకా వెంట వచ్చి అక్కడ నిలబడిపోయింది. ఇంటికి పోయేదాకా మెల్చోర్ వెనక్కి తిరిగి చూడలేదు.

భార్య సతుర్నీనా పిల్లను చూసి, "ఎవరిది?" అంది.

"ఈ పూట అడక్కూడదు."

ఆమె చెవి పట్టుకుని ఎర్ర పోగు చూసింది. ఆ పోగు వేసిన రోజు ఆమె కూడా అక్కడే ఉంది, అందరికీ చిచా కల్లు పోసింది. "కొమాద్రేదా? ఏమయ్యా, నీకేమన్నా తిక్కా?"

"మొన్నే గదా మూత వేసి వచ్చాను," అన్నాడు. మొన్న కాదు, ఆ మధ్యాహ్నమే. నోరు తడబడింది. "సోమవారం పోయి చెబుదాంలే. నవ్వుతుంది."

"కోడికి నవ్వుతారు," అంది సతుర్నీనా. కానీ కత్తి తెచ్చి ఇచ్చింది. ఆదివారం వచ్చేవాళ్లు ఆమెకూ వియ్యాలవారే.

తోలూ, తలా, పేగులూ వాగులో రాళ్ల కింద పెట్టాడు. శనివారం పొద్దెక్కాక గ్లోరియా గంట మోగింది. పిల్లలు టపాసులు కాల్చారు. మెల్చోర్ వెళ్లి అద్దాల పెట్టె మూత తీశాడు.

ఆదివారం వియ్యాలవారు వచ్చారు. మాంసం బాగా కుదిరింది. జ్ఞానతల్లి లేకుండా పండగ భోజనం ఉండదు కాబట్టి అసుంత కూడా వచ్చింది, కొత్త శాలువా కప్పుకుని. వియ్యపురాలి పక్కన కూర్చుంది.

"శుక్రవారం మబ్బులో ఒక పిల్ల తప్పిపోయింది," అని చెప్పింది ఆమెకు. "నక్క పట్టుకుపోయి ఉంటుంది. ఈ ఏడు పుట్టినవాటిల్లో అదే మంచిది." తర్వాత గిన్నె వైపు చూసి, "బాగుంది కొంపాద్రే. లేతగా ఉంది. ఎక్కడ దొరికింది?" అంది.

అప్పుడే చెప్పేయాల్సింది. నవ్వులాటగా, "ఎక్కడిదేముంది, నీదే" అని ఉంటే ఆమె గరిటెతో ఒకటి వేసి ఉండేది, అక్కడితో పోయేది. కానీ ఎదురుగా వియ్యంకుడు ఎముక చీకుతున్నాడు. మెడలో వెండి శిలువ, చేతికి గడియారం. పరాయి గొర్రెపిల్లతో విందు చేశానని ఆయన ముందు ఎట్లా అంటాడు?

"కొండ అవతల మారకానికి తెచ్చాను," అన్నాడు మెల్చోర్.

సోమవారం చెప్పడానికి అతను పోలేదు. అసుంతే వచ్చింది. చేతిలో మట్టి కొట్టుకుపోయిన తోలు, దానికి వేలాడుతూ చెవి, చెవికి ఎర్ర పోగు. వెనక తొరీబియో. ఇంకా వెనక తిగ్రే, నాలుక బయటపెట్టి, ఏదో మంచి పని చేసినట్టు.

మెల్చోర్ ఆ ఎర్ర పోగు చూశాడు. తెలిసిపోయిందనుకున్నాడు. తెలిసిపోయి ఉంటే బాగుండేది.

"చూడు కొంపాద్రే," అంది ఆమె. "నక్క కాదు. ఈ వెధవ కుక్కే. తిన్నదంతా తిని తోలు తెచ్చి వాకిట్లో నా కాళ్ల దగ్గరే పెట్టింది. నా కంచంలోది పెట్టి పెంచాను దీన్ని. నా మొగుడు పోయిన రాత్రి నా కాళ్ల మీద పడుకుంది."

"రుచి మరిగిన కుక్కను ఉంచకూడదు వదినా," అన్నాడు తొరీబియో. "ఇవాళ నీ మంద, రేపు నా మంద. ఊరి కట్టుబాటు నీకు తెలియంది కాదు."

"నేను వద్దన్నానా?" ఆమె మెల్చోర్ వైపు తిరిగింది. "నా చేత్తో నేను చేయలేను. వీడు చేస్తే మొరటుగా చేస్తాడు. నువ్వు చెయ్యి కొంపాద్రే. ప్రభువును దించే చెయ్యి నీది. దానికి నొప్పి తెలియకుండా చేస్తావు."

గుమ్మంలో సతుర్నీనా నిలబడి మొగుడి మొహమే చూస్తోంది. అతను నేల చూస్తున్నాడు. చెప్పడానికి ఎంతసేపు కావాలి? మూడు మాటలు. తొరీబియో లేకపోతే చెబుదుననుకున్నాడు. కుక్క కోసం అంత బతిమాలడం ఎందుకని తొరీబియో తాడు తీసి చేతిలో పెట్టాడు. చేతిలో పడ్డ తాడును అతను పట్టుకున్నాడు.

అసుంత కట్టెపుల్ల తీసి కుక్క మూతి మీద ఒకటి కొట్టింది. "పో. దొంగ మొహమా," అని, కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది.

వాగు ఒడ్డున వంకర చెట్టు దాకా తిగ్రే తాడు లేకుండానే వెంట వచ్చింది. రాళ్ల దగ్గరికి పరుగెత్తి, తవ్విన చోట నిలబడి అతని వైపు చూసింది. ఇదిగో, ఇక్కడే, అన్నట్టు. అతను తాడు వేస్తుంటే చెయ్యి నాకింది. శుక్రవారం అతను దేవుడు లేడనుకున్నాడు. ఆ వేళ అట్లా అనుకోవడానికి లేదు. గ్లోరియా గంట మోగి రెండు రోజులయింది. మబ్బు విడిపోయి ఎండ తెల్లగా కాస్తోంది. మంచుకొండ అంత దగ్గరగా ఎప్పుడూ కనబడలేదు.

చచ్చిన కుక్కను వాగులో పడేయలేదు. గుంట తీసి పూడ్చి పైన రాళ్లు పేర్చాడు. ఇంటికి వచ్చి చేతులు కడుక్కుంటుంటే సతుర్నీనా నీళ్లు పోసింది గానీ పలకరించలేదు.

ఆ తర్వాత అసుంత రాత్రుళ్లు ఇంట్లో పడుకోవడం మానేసింది. గొర్రెల దొడ్డి పక్కన గడ్డితో పాక వేసుకుని అందులో ముడుచుకుని పడుకునేది. కుక్క లేని దొడ్డిని నక్క ఊరికే వదలదు. ఆ చలిలో ఆమె దగ్గు మెల్చోర్ పెరట్లోకి వినబడేది. వినబడ్డప్పుడల్లా సతుర్నీనా దుప్పటి ముసుగు తన్నేది.

మెల్చోర్ ఇంటి ఆడకుక్క పిల్లలు పెట్టి ఉంది. మెల్చోర్ వాటిల్లో మంచిదాన్ని పోంచోలో పెట్టుకుని పోయాడు.

"ఉంచుకో కొమాద్రే. పెరిగితే తోడుగా ఉంటుంది."

ఆమె కుక్కపిల్ల నెత్తి నిమిరింది. నిమిరి వెనక్కి ఇచ్చేసింది. "వద్దు కొంపాద్రే. నీ మనసు మంచిది. కానీ నాకు కుక్కల మీద నమ్మకం పోయింది. అన్నేళ్లు నాతో తిని నన్నే మోసం చేసింది. నేనేం తక్కువ చేశానో ఎంత ఆలోచించినా తెలియడం లేదు. రాత్రుళ్లు పడుకుని అదే ఆలోచిస్తాను. ఆకలికి ఉంచానా, ఎప్పుడన్నా తన్నానా?"

"లేదు," అన్నాడు మెల్చోర్. "నువ్వేం చేయలేదు." అంతకన్నా ముందుకు మాట రాలేదు. కుక్కపిల్లను పట్టుకుని తిరిగి వచ్చేశాడు.

శిలువ పండగకు లోయలోని పెద్ద ఊరి నుంచి ఫాదర్ వచ్చాడు, ఎవరిస్తో ఆయన పేరు. లావుపాటి మనిషి, కొండ గాలికి రొప్పుతాడు. గుడి మూల బల్ల మీద కూర్చుని పాపసంకీర్తనం వింటాడు. మెల్చోర్ అందరూ అయ్యేదాకా ఆగి, మోకాళ్ల మీద కూర్చుని, టోపీ చేతుల్లో తిప్పుతూ చెప్పాడు. గొర్రెపిల్ల దగ్గర మొదలుపెట్టి కుక్క దగ్గర ఆగాడు.

"ఏ రోజు దొంగతనం చేశావు?" అన్నాడు ఫాదర్.

"శుక్రవారం ఫాదర్. ప్రభువు పెట్టెలో ఉన్నప్పుడు."

ఫాదర్ కళ్లు మూసుకుని తెరిచాడు. "పదేళ్లుగా చెబుతున్నాను మీ ఊరివాళ్లకు. పెట్టెలో ఉండేది కొయ్య. దేవుడికి సెలవు దినం లేదు. నువ్వు ఆ కొయ్యను చేతులతో ఎత్తేవాడివి, నీకన్నా తెలియొద్దా?"

"ఎత్తేవాణ్ని కాబట్టే ఫాదర్. బరువుగా ఉంటాడు. నిజంగానే పోయాడనిపిస్తుంది."

ఫాదర్ తల పంకించి, "గొర్రెపిల్లకు గొర్రెపిల్ల ఇచ్చేయి. జరిగింది చెప్పి ఇయ్యి," అన్నాడు.

"కుక్క సంగతి? కుక్కకు ఆత్మ లేదంటారు గదా. అది పాపం కిందికి వస్తుందా?"

"నీకేమనిపిస్తోంది?"

మెల్చోర్ టోపీ తిప్పడం ఆపాడు. "గొర్రెపిల్ల సంగతి చెప్పగలను ఫాదర్. నాలుగు తిట్లు తిడుతుంది, పడతాను. కానీ అది చెబితే కుక్క సంగతి తెలిసిపోతుంది. ఏ పాపం ఎరగని దాన్ని చంపించానని తెలుస్తుంది. నా మీది బరువు దించుకోవడానికి ముసల్దాని నెత్తిన ఎట్లా పెట్టను?"

బయట పండగ డోలు మోగుతోంది.

"ఇప్పుడు ఆమె నెత్తిన ఏమీ లేదనుకుంటున్నావా?" అన్నాడు ఫాదర్. "నమ్మిన కుక్క తనను మోసం చేసిందన్న బరువు మోస్తోంది. అది అబద్ధం. నిజం కూడా బరువే, కాదనను. కానీ అది ఆమెది. నీ దగ్గర దాచుకునే హక్కు నీకు లేదు." తర్వాత చెయ్యి ఎత్తి పాపవిమోచన మాటలు చెప్పాడు. "నీకు ఇవ్వాల్సింది ఇచ్చాను. పోయి ఆమెతో చెప్పు. చెప్పకపోతే ఈ మాటలు నీకు గాలి కింద లెక్క."

ఆ రోజు సత్ప్రసాదానికి అందరూ లేచారు, మెల్చోర్ లేవలేదు. "ఏందిరా, పొద్దున్నే తిని వచ్చావా?" అని తొరీబియో మోచేత్తో పొడిచాడు.

ఎండబెట్టిన దుంపల మూట కొండ అవతల ఇచ్చి మెల్చోర్ ఒక ఆడ గొర్రెపిల్లను తెచ్చాడు. తెల్లటిది. అసుంత వాకిట్లో దింపాడు. దారంతా నోట్లో కట్టుకున్న మాటలు ఆమె మొహం చూడగానే విడిపోయాయి.

"ఇది నీకు కొమాద్రే."

"నాకెందుకు?"

"పోయిందానికి బదులు."

అతను చెప్పింది నిజమే. కానీ ఆమె విన్నది వేరే. కళ్లనిండా నీళ్లు పెట్టుకుని, "నీ మందే లేదు, నాకు తెచ్చి ఇస్తున్నావా?" అంది. అతని తల మీద చెయ్యి పెట్టి శిలువ గుర్తు వేసింది. "నా అన్నవాళ్లు చేయరు ఈ పని. దేవుడు నిన్ను నీ బిడ్డల్ని చల్లగా చూడాలి."

ఆ దీవెన నెత్తి మీద పెట్టుకుని మెల్చోర్ ఇంటికి వచ్చాడు.

"చెప్పావా?" అంది సతుర్నీనా.

"ఇచ్చాను."

"నేనడిగింది అది కాదు."

ఆమె పొయ్యి ముందు నుంచి లేవకుండానే అంది. "చాకలి రేవు దగ్గర చెబుతోంది అందరికీ, నీలాంటి మనిషి లేడని. నా మొహం చూసి చెబుతోంది. నేను తల ఊపుతున్నాను. ఈ పాపం నీ ఒక్కడిదే కాదయ్యా, కత్తి తెచ్చి ఇచ్చింది నేను. నువ్వు చెప్పకపోతే నేను పోయి చెబుతాను. కానీ నేను చెబితే నువ్వింక ఎప్పటికీ చెప్పినట్టు కాదు."

దుంపలు తవ్వే రోజులొచ్చాయి. ఇవాళ నీ పొలం, రేపు నా పొలం అని ఒకరికొకరు సాయం పోతారు. అసుంత పొలం చిన్నది. తొరీబియో, మెల్చోర్, సతుర్నీనా, అసుంత. అంతే మనుషులు. రాత్రి మంచు కురిసి చాళ్లు తెల్లగా ఉన్నాయి.

గునపం నేలలో దిగే ముందు ఒక పద్ధతి ఉంది. టోపీలు తీసి చాలు మొదట్లో మోకాళ్ల మీద కూర్చుని ఒకరినొకరు క్షమాపణ అడుగుతారు. మనసులో ఏదన్నా ఉంచుకుని తవ్వితే దుంప కొట్లో కుళ్లిపోతుంది. చిన్నప్పటి నుంచి అలవాటైన మాటలు. అడిగేవాడు ఆలోచించడు, బదులిచ్చేవాడూ ఆలోచించడు.

తొరీబియో ముందు అడిగాడు. "క్షమించు వదినా. తెలిసీ తెలియక నిన్ను నొప్పించి ఉంటే. నీ చిచా లెక్కకు మించి తాగి ఉంటే."

"దేవుడు ఎప్పుడో క్షమించాడు. లే," అంది అసుంత. "చిచా సంగతి మాత్రం ఆయన క్షమించలేదు." అందరూ నవ్వారు. సతుర్నీనా అడిగింది. ఆమె గొంతు సరిగ్గా వినబడలేదు. దేవుడు క్షమించాడు, లే, అంది అసుంత. సతుర్నీనా లేచి పక్కకు జరిగి నిలబడింది.

మెల్చోర్ కూర్చున్నాడు. మంచు ప్యాంటులోకి దిగి మోకాళ్లు కొరుకుతోంది.

"క్షమించు కొమాద్రే. తెలిసీ..."

"దేవుడు ఎప్పుడో క్షమించాడు. లే."

అతను లేవలేదు.

"లే కొంపాద్రే. పొద్దెక్కుతోంది."

"తెలిసి చేశాను," అన్నాడు. "తెలియక కాదు. ఆ పిల్లను పట్టుకుపోయింది నేను. శుక్రవారం సాయంత్రం, గోడ దగ్గర."

తొరీబియో విరగబడి నవ్వాడు. "శుక్రవారం సరుకా? వదినా, నీ కొంపాద్రే కోళ్లు చాలక గొర్రెకు ఎగబాకాడు. ఇన్నాళ్లూ దాచుకున్నాడు చూడు, పాపం, ఎంత..." నవ్వుతూ నవ్వుతూ ఏదో గుర్తొచ్చి ఆగిపోయాడు. ఆ తాడు చేతిలో పెట్టింది తనే. గునపం కర్ర పట్టుకుని అటు తిరిగి నిలబడ్డాడు.

మెల్చోర్ తల ఎత్తలేదు. అతనికి అసుంత చెప్పులే కనబడుతున్నాయి, లారీ టైరు కోసి చేసినవి, వాటిల్లో పగిలిన మడమలు.

"ఆదివారం నేను తిన్నది అదేనా?" అంది.

"అదే."

"బాగుందన్నాను."

"అన్నావు."

"తోలు ఎక్కడ పెట్టావు?"

"వాగులో. రాళ్ల కింద."

ఆమె అక్కడ ఆగింది. మాటలు ఒకదాని వెనక ఒకటి సర్దుకుంటున్నట్టు పెదాలు కదిలాయి. "అయితే అది తినలేదు," అంది నెమ్మదిగా. "వెతికింది. వెతికి తెచ్చి నాకిచ్చింది."

మెల్చోర్ తల ఊపాడు.

"నేను మూతి మీద కొట్టాను."

పక్క చేలో ఎవరో గాడిదను అదిలిస్తున్నారు.

"నువ్వు తాడు వేసేటప్పుడు," అంది అసుంత, "కరవబోయిందా?"

"లేదు."

"ఏం చేసింది?"

అబద్ధం చెప్పవచ్చు. ఆమె కోసమే చెప్పవచ్చు. అతను ఆ ఆలోచనను అటూ ఇటూ తిప్పి చూశాడు. "చెయ్యి నాకింది," అన్నాడు.

అసుంత చాలు గట్టు మీద కూర్చుంది. శాలువా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సతుర్నీనా దగ్గరికి పోబోతే చెయ్యి ఎత్తి ఆపింది. అంతసేపూ మెల్చోర్ మోకాళ్ల మీదే ఉన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. గునపం తీసుకుని కొట్టినా బాగుండేది. తల మీద ఆమె వేసిన శిలువ గుర్తు కాలుతున్నట్టుంది. ఎండ వచ్చి మంచు కరిగి మట్టి నల్లబడింది.

"ఎక్కడ పడేశావు దాన్ని?"

"పడేయలేదు. వంకర చెట్టు కింద పూడ్చాను."

"తవ్వకం అయ్యాక చూపించు."

"చూపిస్తాను."

ఆమె లేచింది. లేవడానికి మోకాళ్ల మీద చేతులు ఆనించుకుంది. మెల్చోర్ సాయం పట్టబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"దేవుడు క్షమించాడని అన్నాను. అలవాటుగా అన్నాను, కానీ అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకోను. ఆయన సంగతి ఆయన చూసుకుంటాడు," అంది అసుంత. "నా సంగతి నాకింకా తెలియదు. నువ్వు అడగొద్దు. తెలిసిన రోజు నేనే చెబుతాను."

"సరే కొమాద్రే."

"లే మరి. ఇంకా ఎంతసేపు కూర్చుంటావు? దుంపలు నీకోసం వాటంతట అవి బయటికి రావు."

తవ్వారు. మగవాళ్లు గునపం దించి మట్టి పెళ్ల తిరగేస్తుంటే ఆడవాళ్లు చేతులతో దుంపలు ఏరారు. ఆ ఏడు పంట బాగుంది. మచ్చలేని దుంపలు, ఊదారంగువి, పసుపువి. మెల్చోర్ ఎప్పుడూ తవ్వనంత వేగంగా తవ్వాడు. అసుంత అతని చాలులోనే ఏరుతోంది. ఆమె చెయ్యి ఎక్కడుందో చూసుకుని అతను గునపం వేస్తున్నాడు. ఒకసారి ఆమె దగ్గు వచ్చి ఆగింది. అతను కూడా ఆగాడు. దగ్గు తగ్గాక మళ్లీ తవ్వాడు.

మధ్యాహ్నానికి తొరీబియో మట్టిగడ్డలు పేర్చి గూడు కట్టి, లోపల మంట పెట్టి, గడ్డలు ఎర్రబడ్డాక దుంపలు వేసి గూడు కూలగొట్టాడు. వేడిమట్టిలో దుంపలు మగ్గిన వాసన పొలమంతా పరుచుకుంది. సతుర్నీనా జున్ను తెచ్చింది. అసుంత రాతి మీద పచ్చిమిరపకాయలు, ఉప్పు నూరింది. గట్టు పక్కన నేల మీద గుడ్డ పరిచింది. ఒకే గుడ్డ. మెల్చోర్ కొంచెం దూరంగా రాయి మీద కూర్చున్నాడు, పోంచో చుట్టుకుని.

పొలం గలవాళ్లు వచ్చినవాళ్లకు మొదటి దుంప చేతికి ఇస్తారు. అసుంత ఒకటి మట్టి దులిపి తొరీబియో చేతిలో పెట్టింది. ఒకటి సతుర్నీనా చేతిలో పెట్టింది. ఇంకొకటి తీసుకుంది. అది పట్టుకుని కాసేపు కూర్చుంది. వేడికి వేళ్లు మార్చుకుంటోంది. మెల్చోర్ వైపు చూడలేదు. తర్వాత దాన్ని గుడ్డ మీద, తన ఎదురుగా ఖాళీగా ఉన్న చోట పెట్టింది. చేతికి ఇవ్వలేదు.

మెల్చోర్ రాయి మీంచి లేచి వచ్చి ఆ చోట కూర్చున్నాడు. దుంప తీసుకున్నాడు. చెయ్యి కాలింది. పొట్టు తీసి, మిరప నూరిన రాయి అసుంత పక్కన ఉంటే దాని దాకా చెయ్యి చాపాడు. ఆమె ఆ రాయిని కొంచెం ఇటు జరిపింది.

నలుగురూ తిన్నారు.